ఊకెనే ఉన్న జాగ

అండాలమ్మ ఎవరినీ అంత తేలిగ్గా నమ్మే మనిషి కాదు. కూరగాయలవాడు అడక్కుండా రెండు పచ్చిమిరపకాయలు కొసరు వేస్తే, తూకంలో ఎక్కడ కోశాడా అని సంచి విప్పి చూస్తుంది. పక్కింటావిడ గిన్నె నిండా పాయసం పంపిస్తే, దీనికి బదులు ఏం పని చేసిపెట్టమంటుందో అని ఆ గిన్నె తిరిగి ఇచ్చేదాకా ఆమెకు స్థిమితం ఉండదు. ఫోన్ మొదటిసారి మోగితే ఎత్తదు. రెండోసారి మోగితే ఎత్తి, అవతలివాళ్లు పేరు చెప్పేదాకా తాను నోరు విప్పదు.

అలా తయారవడంలో ఆమె తప్పు పెద్దగా ఏమీ లేదు. చండూరు అవతల ఓ పల్లెలో పుట్టి, మట్టయ్యను చేసుకుని, పెళ్లయిన ఏడాదికే కొత్తపేటకు వచ్చింది. మట్టయ్య పండ్ల మార్కెట్లో ట్రాలీ ఆటో నడిపేవాడు. ఆమె అదే మార్కెట్లో బత్తాయి ఏరే పనికి కుదిరింది. పొద్దున్నే కుప్ప ముందు కూర్చుని, ఒక్కో కాయనూ చుట్టూ తిప్పి, తొడిమ దగ్గర బొటనవేలితో నొక్కి, గట్టిది ఇటు, మెత్తబడ్డది అటు వేయాలి. పైకి నిగనిగలాడే కాయే ఒక్కోసారి లోపల కుళ్లి ఉంటుంది. ఏళ్ల తరబడి అలా చూసిచూసి, ఆ చూపు కాయల మీద నుంచి మనుషుల మీదికి పాకింది. మార్కెట్ ఊరు బయటికి వెళ్లిపోయినప్పుడు మట్టయ్య ఆటో దాని వెనకే వెళ్లింది గాని అండాలమ్మ మోకాళ్లు వెళ్లలేకపోయాయి. పని పోయింది, చూపు మాత్రం మిగిలింది.

అన్నింటికన్నా ఆమెకు అనుమానం ఎవరి మీదంటే, ‘ఎట్లుంది?’ అని అడిగేవాళ్ల మీద. దానికి పెద్ద కథే ఉంది. మొదటి కిరాయి ఇంటి ఓనరు ఒక పొద్దున వచ్చి, ‘ఇల్లు మంచిగున్నదా అండాలమ్మా? నీళ్లు మంచిగ ఒస్తున్నయా?’ అని ఎంతో ప్రేమగా అడిగాడు. కొత్త కాపురం, లోకం తెలియని పిల్ల. ‘మస్తుగున్నది సార్’ అంది. మరుసటి నెల నుంచి కిరాయి పెంచాడు. రెండో ఇంటాయన అదే ప్రశ్న అడిగినప్పుడు ఈసారి తెలివిగా, ‘ఏం మంచిగలేదు సార్, గోడలకు చెమ్మ ఒస్తుంది’ అంది. ‘అయితే ఖాళీ చెయ్యి’ అన్నాడు. బాగుందన్నా దెబ్బే, బాగాలేదన్నా దెబ్బే. అడిగినవాడికి ఏమీ చెప్పకపోవడమే క్షేమమని ఆ రోజే తీర్మానించుకుంది. తాను పాటించడమే కాదు, గల్లీలో ప్రతి కొత్త కోడలికీ ఈ పాఠం చెప్పింది.

ఆ గల్లీ దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ పోయే పెద్దరోడ్డుకు లోపలగా, కొత్తపేట వైపు ఉంటుంది. గల్లీ చివర పార్కు. అందరూ దాన్ని ఫేజ్ టూ పార్కు అంటారు. ఫేజ్ వన్ పార్కు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ఎవడో మింగేసి ఉంటాడని అండాలమ్మ నమ్మకం. నడిచే బాట, గొలుసు తెగిన ఉయ్యాల, జారుడుబండ, ఓ మూల రేకుల షెడ్డు, షెడ్డు ముందు గడ్డి మొలవని గుండ్రటి ఖాళీ జాగ, అంతే ఆ పార్కు. ఆ జాగలో మామూలు రోజుల్లో పిల్లలు సైకిళ్లు తిప్పుతారు, ఎండ తగ్గాక కుక్కలు పడుకుంటాయి.

బతుకమ్మ వచ్చిందంటే మాత్రం కాలనీ అంతటికీ అదే నడిబొడ్డు. చుట్టుపక్కల గల్లీల ఆడవాళ్లందరూ పేర్చిన బతుకమ్మలను తెచ్చి అక్కడే పెడతారు. చుట్టూ నిలబడి చప్పట్లు కొడుతూ తిరుగుతారు. పాట ఎత్తుకునేది అండాలమ్మ. ఆమె ఒక పాదం పాడితే మిగతావాళ్లు అందుకోవాలి. మార్కెట్లో అరిచి అరిచి గట్టిపడిన గొంతు అది, మైకు లేకుండానే మూడో గల్లీకి వినిపిస్తుంది. ఇంట్లో ఆమె మాట మట్టయ్య చెవికి ఎక్కదు. కాలనీ మీటింగులో ఆమెకు కుర్చీ వేసేవాళ్లు లేరు. కానీ ఆ సాయంత్రాల్లో టీచరమ్మలూ, ఆఫీసర్ల భార్యలూ ఆమె నోటి వంక చూసి అడుగు వేస్తారు. ఏడాది మొత్తంలో ఆమె పెద్దమనిషి అయ్యేది ఆ రోజుల్లోనే. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు. ఎవరికీ చెప్పేది కాదు గాని, మిగతా ఏడాదిని ఆ రోజుల కోసమే నెట్టుకొచ్చేది.

ఆమె పక్కన ఎప్పుడూ కిష్టమ్మ ఉంటుంది. కిష్టమ్మదీ నల్లగొండ వైపు పల్లెటూరే. పాటలన్నీ వచ్చు, గొంతే కాస్త సన్నం. ఇద్దరూ ప్రాణస్నేహితులు. అంటే ఒకరి కూర ఒకరు తింటారు, ఒకరి తప్పు ఒకరు పట్టుకుంటారు.

ఆషాఢంలో ఒక సాయంత్రం ఈ ఇద్దరూ ఇంకో నలుగురైదుగురు ఆడవాళ్లతో షెడ్డు అరుగు మీద కూర్చుని గోంగూర ఏరుతుండగా, మెడలో కార్డు, చేతిలో ట్యాబ్ పెట్టుకుని ఒక అమ్మాయి వచ్చింది. పేరు సంధ్యారాణి అని చెప్పుకుంది. పార్కుల సర్వే చేస్తోందట.

‘‘పార్కు గురించి మీ అభిప్రాయం చెప్పుర్రి అమ్మా. రెండే నిమిషాలు.’’

అండాలమ్మ ఆ పిల్లను కార్డు నుంచి చెప్పుల దాకా ఓసారి తిప్పి చూసింది. ‘‘ఎవలు పంపిన్రు నిన్ను?’’

‘‘పార్కులు బాగుచేస్తరట అమ్మా. అందుకే అన్ని కాలనీలల్ల అడుగుతున్నం.’’

‘‘బాగుచేసేటోళ్లు బాగుచేస్తరు గని, అడుగుడెందుకు?’’

సంధ్యారాణికి ట్యాబ్‌లో ఈ ప్రశ్నకు జవాబు ఇవ్వలేదు. నవ్వి ఊరుకుని, ‘‘మీ ఫోన్ నంబర్ చెప్తరా?’’ అంది.

‘‘నాకు ఫోన్ లేదు.’’

ఆ మాట పూర్తికాకముందే అండాలమ్మ నడుము దగ్గర చీర మడతలో ఫోన్ మోగింది. ‘‘మా ఆయనది,’’ అంది మొహం చెక్కుచెదరకుండా. రెండోసారి మోగినా ఎత్తలేదు.

అమ్మాయి నంబర్ సంగతి వదిలేసి తరువాతి ప్రశ్నకు పోయింది. ‘‘పార్కుల మీరు ఏమేం ఆటలు ఆడ్తరమ్మా?’’

ఇక్కడే వచ్చింది చిక్కు. అంతకు వారం ముందే ఇదే షెడ్డులో డబ్బులు పెట్టి పత్తాలు, అదే పేకాట, ఆడుతున్న నలుగురు మగవాళ్లను పోలీసులు పట్టుకెళ్లారు. ఆటలు అనే మాట చెవిన పడగానే అండాలమ్మ కళ్ల ముందు ఆ జీపు కదిలింది. ఇదా సంగతి, పార్కు పేరు చెప్పి పత్తాల కూపీ లాగుతున్నారన్నమాట అనుకుంది.

‘‘ఆటలా? ఆడోళ్లం, మాకు ఆటలేంది? మేం ఏ ఆటలు ఆడం.’’

‘‘మీరు కాకున్నా వేరేవాళ్లు? షటిలో, క్యారమ్సో...’’

‘‘మా పార్కుల ఎవ్వలు ఏ ఆట ఆడరు బిడ్డా. రాస్కో.’’

కిష్టమ్మ ఏదో అనబోయి నోరు తెరిచింది. అండాలమ్మ గోంగూర కట్ట కింద నుంచి ఆమె తొడ గట్టిగా గిచ్చింది. తెరిచిన నోరు అలాగే మూతపడింది.

అమ్మాయి ఎదురుగా ఉన్న గుండ్రటి జాగను చూపించింది. ‘‘మరి గీ ఖాళీ జాగ దేనికి వాడ్తరు?’’

ఈసారి అండాలమ్మకు అనుమానం రెట్టింపయింది. ఆటల నుంచి జాగకు వచ్చింది ప్రశ్న. వాడుతున్నామంటే ఎవరినడిగి వాడుతున్నారంటారు, పర్మిషన్ చూపించమంటారు. మన దగ్గరున్న మంచి సరుకు మీద పరాయివాడి కన్ను పడితే, అబ్బే, అదేం సరుకు అని తీసిపారేయాలి. మార్కెట్లో ఎవరైనా చేసేది అదే.

‘‘గదా? గది ఊకెనే ఉంటది.’’

‘‘ఊకెనేనా?’’

‘‘ఊకెనే.’’

మీరేమంటారని అడిగితే కిష్టమ్మ తొడ రుద్దుకుంటూ, ‘‘గంతే, ఊకెనే ఉంటది’’ అంది. మిగతావాళ్లూ తలలూపారు. సంధ్యారాణి ట్యాబ్ మీద ఏదో నొక్కుకుని, దండం పెట్టి వెళ్లిపోయింది. ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ అండాలమ్మ మొగుడితో, ‘‘ఒక్క ముచ్చట బయట పెట్టనియ్యలే’’ అంది గర్వంగా. మంచి పని చేసినవ్ అన్నాడు మట్టయ్య. ఆయన దేనికైనా అదే అంటాడు.

వినాయకుళ్లను సాగనంపిన మరునాడో ఆ మరునాడో, పొద్దున పార్కుకు వెళ్లిన ఆడవాళ్లకు ఆ జాగ చుట్టూ సున్నం గీతలు కనిపించాయి. పక్కన ఇనుప గుంజలు దించి ఉన్నాయి. గేటుకు కొత్త ఫ్లెక్సీ కట్టారు. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల షాపులో పనిచేసే రాణి దాన్ని అందరికీ చదివి వినిపించింది. ప్రజల అభిప్రాయం మేరకు, వాడుకలో లేని స్థలంలో బాక్స్ క్రికెట్ ఏర్పాటు చేస్తున్నారు.

‘‘అంటే ఏందే?’’ అంది అండాలమ్మ.

‘‘చుట్టూ వల లెక్క జాలి కడ్తరక్కా. పైన గూడ. తలుపుకు తాళం ఉంటది. గంటకింత అని ఇచ్చినోళ్లే లోపలికి పోయి ఆడాలె.’’

అండాలమ్మ సున్నం గీతల వంక చూసింది. బతుకమ్మ ఇంకెన్ని రోజులుందని? జాలి కట్టి తాళం వేస్తే బతుకమ్మలు ఎక్కడ పెట్టాలి? పోనీ రోడ్డు మీద పెడితే బైకులు ఆగుతాయా? ఎవరి గల్లీలో వాళ్లు ఇంటి ముందు పెట్టుకుని, ఫోన్లో పాట పెట్టుకుని, రెండు చుట్లు తిరిగి లోపలికి పోతారు. అప్పుడు అండాలమ్మ గొంతుతో ఎవరికి పని?

ఎవడి అభిప్రాయం ఇది? ఆమెకు క్షణంలో జవాబు దొరికింది. భానుమూర్తి.

భానుమూర్తి కాలనీ సంఘం ప్రెసిడెంటు. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాడు. భీమవరం వైపు మనిషి. ఇక్కడికొచ్చి ముప్పై ఏళ్లయినా మాటలో గోదావరి యాస పోలేదు. ఉన్ని టోపీ పెట్టుకుని పొద్దున్నే పార్కు చుట్టూ నడుస్తాడు. అండాలమ్మ సాక్ష్యాలన్నీ ఒకచోట పోగేసింది. మొన్న ఈయనే టేపు పట్టుకుని ఆ జాగ దగ్గర నిలబడ్డాడు. నిన్న ఫోన్లో ఎవరితోనో ‘కూర్చుని మాట్లాడదాం’ అన్నాడు. కూర్చుని ఏం మాట్లాడతాడు? పైగా మూడు రోజులుగా ఆమెను చూసి పలకరిస్తున్నాడు. అంతకుముందు ఎప్పుడూ పలకరించనివాడు ఇప్పుడెందుకు పలకరిస్తాడు?

మరుసటి పొద్దున ఆమె జారుడుబండ వెనక నక్కి, ఆయన ఫోన్ మాటలు వినబోయింది. జారుడుబండ పిల్లల కొలతకు కట్టింది, అండాలమ్మ కొలతకు కాదు.

‘‘ఏవండీ అండాలమ్మగారూ, మోకాళ్ల నొప్పులన్నారు, జారుడుబండ ఎక్కుతున్నారేంటండీ?’’ అన్నాడాయన ఆగి.

ఆ మాటలో వెటకారం ఉందా లేదా అని ఆమె పొద్దంతా ఆలోచించింది. ఉందనే తేల్చుకుంది. సాయంత్రం కిష్టమ్మనూ రాణినీ ఇంకా పదిమందినీ వెంటబెట్టుకుని పార్కు ఎదురుగా ఉన్న ఆయన ఫ్లాట్‌కు వెళ్లి, తలుపు తీయగానే అడిగేసింది.

‘‘ఎవలకిచ్చినవ్ సార్ మా బతుకమ్మ జాగ?’’

భానుమూర్తి కళ్లజోడు సర్దుకున్నాడు. ‘‘నేనివ్వడమేంటమ్మా? మీరే కదండీ ఇచ్చారు!’’

‘‘మేమా?’’

‘‘నేను ఆఫీసుకెళ్లి అడిగొచ్చాను. సాయంత్రం పార్కులో కూర్చునే ఆడవాళ్లని అడిగారంట. ఎవ్వరూ ఏ ఆటా ఆడరు, ఆ స్థలం ఊకెనే ఉంటది అన్నారంట. ఊకెనే అంటే ఏంటో నాకర్థంకాక మళ్లీ అడిగాను కూడానండీ. ఊరికే పడుంటుందని అర్థమంట.’’

పన్నెండు జతల కళ్లు అండాలమ్మ వైపు తిరిగాయి.

‘‘అది... ఆటల గురించి అడిగింది సార్ ఆ పిల్ల,’’ అంది ఆమె. ‘‘బతుకమ్మ ఆట ఎట్లయితది?’’

‘‘మరి మీరు బతుకమ్మని ఏం చేస్తామంటారు?’’

‘‘ఆడ్తమంటం.’’

‘‘ఆడేది ఆట కాదాండీ?’’

అండాలమ్మ ఆ మాటను నోట్లోనే తిప్పి చూసుకుంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి బతుకమ్మ ఆడుదాం, ఆడినం, ఆడబోతున్నం అంటూనే ఉంది. అన్నం తిందాం అన్నంత మామూలుగా నోట్లో నుంచి వచ్చే మాట. అందులో ఆట ఉందన్న సంగతి ఇన్నేళ్లలో ఒక్కసారీ తట్టలేదు. ఆటంటే పత్తాలు, ఆటంటే జీపు అనుకుని, చేతిలో ఉన్న జాగను తానే తీసి పరాయివాళ్ల చేతిలో పెట్టింది. సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి.

భానుమూర్తి మాత్రం కోప్పడలేదు. ఆపాటికే అర్జీ పెట్టాననీ, గురువారం ఇంజనీరు వచ్చి మళ్లీ అందరినీ అడుగుతాడనీ, అప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పమనీ అన్నాడు. అదీ అండాలమ్మకు మింగుడుపడలేదు. బతుకమ్మకూ ఈయనకూ ఏం సంబంధం? ఎందుకింత తాపత్రయం?

‘‘మీకెందుకు సార్ గింత పరేషాన్?’’ అని అడగనే అడిగింది.

ఆయన లోపలికి తీసుకెళ్లి పడగ్గది కిటికీ తెరిచాడు. సున్నం గీతలు సరిగ్గా ఆ కిటికీ కిందనే ఉన్నాయి. ‘‘పొద్దుపోయేదాకా ఆ లైట్లూ, ఆ కేకలూ నా నెత్తిన పడతాయమ్మా. నాకసలే బీపీ. మీ బతుకమ్మయితే ఏడాదికోసారొచ్చి పోతుంది.’’

అప్పటికి అండాలమ్మ మనసు కుదుటపడింది. ఆయనకూ ఓ స్వార్థం ఉంది. అయితే నమ్మొచ్చు.

మెట్లు దిగేటప్పుడు అందరూ ఆమెను దాటుకుని ముందుకు పోయారు. గేటు దగ్గర కిష్టమ్మ మాత్రం ఆగి, ‘‘చెప్దామనే నోరు తెరిస్తి. తొడ గిచ్చితివి’’ అని వెళ్లిపోయింది.

గురువారం సాయంత్రం ఇంజనీరు యోగేందర్ వచ్చాడు. చిన్నవయసు మనిషి, మొహంలో విసుగు. వెంట ట్యాబ్ పట్టుకుని సంధ్యారాణి. షెడ్డు ముందు ఆడవాళ్లు గుంపుగా నిలబడ్డారు. భానుమూర్తి ముందుకొచ్చి మాట్లాడబోతే యోగేందర్ చెయ్యెత్తి ఆపాడు.

‘‘మీ అర్జీ చూసిన సార్. కని ఆడేటోళ్లు చెప్పాలె గదా? పోయినసారి అడిగితే ఊకెనే ఉంటదన్నరు. గుంజలు దించినంక కావాలంటున్నరు. ఎనకనుంచి ఎవలన్న చెప్పిస్తున్నరా ఏంది?’’

వీడికీ అనుమానమే, అనుకుంది అండాలమ్మ. ఒక అడుగు ముందుకు వేసింది. ‘‘ఊకెనే ఉంటదన్నది నేను సార్. తప్పు నాది. వీళ్లది కాదు. మేం గీడ బతుకమ్మ ఆడ్తం. ఏండ్ల సంది ఆడుతున్నం.’’

ఆ మాట అందరి ముందూ అనడానికి ఆమెకు ఎంత కష్టమైందో ఆమెకే తెలుసు. యోగేందర్ మాత్రం దాన్ని పట్టించుకోలేదు. ‘‘అప్పుడొకటి చెప్పినవ్, ఇప్పుడొకటి చెప్తున్నవ్. నీ ఒక్కదాని మాట మీద పని ఆపుతరా? మిగతావాళ్లు చెప్పాలె.’’ కిష్టమ్మ వైపు తిరిగాడు. ‘‘నువ్వు చెప్పమ్మా. గీడ బతుకమ్మ ఆడ్తరా?’’

కిష్టమ్మ ట్యాబ్ వంక చూసింది. కిందటిసారి ఆ పలకలోకి పోయిన మాట ఫ్లెక్సీ అయి గేటుకు వేలాడింది. ఈసారి ఏమై వస్తుందో ఎవరికి తెలుసు?

‘‘నాకేం తెల్వది సార్.’’

రాణిని అడిగితే, ‘‘మా ఆయన్ని అడిగి చెప్త’’ అంది. ఇంకొకావిడ, ‘‘మేం మొన్ననే ఒచ్చినం’’ అంది. ఆమె వచ్చి పదేళ్లయింది. వెనక ఉన్నవాళ్లు కొంగులు సర్దుకుంటూ అడుగు వెనక్కి వేశారు.

అండాలమ్మ ఆ మొహాలను ఒక్కొక్కటిగా చూసింది. అడిగినవాడికి ఏమీ చెప్పొద్దని ఆమె గల్లీ అంతా తిరిగి నేర్పిన పాఠం అది. పొల్లుపోకుండా ఆమెకే అప్పజెబుతున్నారు. కోపం రాలేదు, భయం వేసింది. తన నోట్లో ఎంతో తెలివిగా అనిపించిన మాటలు వాళ్ల నోట్లో ఇంత అన్యాయంగా వినిపిస్తాయని ఆమె అనుకోలేదు.

యోగేందర్ వాచీ చూసుకున్నాడు. పోబోతూ, ఏదో ఒకటి అడగాలన్నట్టు అండాలమ్మను అడిగాడు. ‘‘సరే, ఎన్ని రోజులు ఆడ్తరు?’’

జవాబు నోటి చివరే ఉంది. పండగ తొమ్మిది రోజులు. ఆడేది మాత్రం ఎనిమిదే. ఆరో రోజు అలిగిన బతుకమ్మ. ఆ రోజు అమ్మ అలుగుతుంది కాబట్టి పూలు పేర్చరు, పాట పాడరు, చుట్టూ తిరగరు. తెలంగాణలో చెడ్డీ వేసుకోని పిల్లకు కూడా తెలిసిన సంగతి.

ఎనిమిది అనబోయి ఆగింది అండాలమ్మ. పక్కన కిష్టమ్మ పెదాలు బిగించి నేలచూపులు చూస్తోంది. ఆ మనిషి సంగతి ఆమెకు తెలుసు. చీర పిన్ను వంకరగా ఉంటే పెళ్లికూతురినైనా పందిట్లో ఆపి సరిచేస్తుంది. ఆకలికి ఓర్చుకుంటుంది, అవమానానికి ఓర్చుకుంటుంది, కళ్లెదుట తప్పు జరుగుతుంటే మాత్రం ఓర్చుకోలేదు. ఆమే కాదు, ఇక్కడున్న ఏ ఆడదీ బతుకమ్మ విషయంలో ఓర్చుకోలేదు.

‘‘తొమ్మిది రోజులు సార్,’’ అంది అండాలమ్మ గొంతు పెంచి. ‘‘ఒక్కనాడు గూడ ఆగం. ఆరోనాడయితే ఇంకా జోరుగ ఆడ్తం.’’

కిష్టమ్మ తల ఎత్తింది. ‘‘ఆరోనాడా?’’

‘‘ఆ. ఆరోనాడే.’’

‘‘ఆరోనాడు ఎట్ల ఆడ్తవే? ఆ నాడు అలుగుతది గదా!’’

‘‘అలిగితే అలగనియ్యి. మనం ఆడమా ఏంది?’’

‘‘ఏం మాట్లాడుతున్నవే?’’ కిష్టమ్మ సన్నటి గొంతు ఒక్కసారిగా చీల్చుకుని వచ్చింది. ‘‘గీ జాగల నీ పక్కన నిలబడి ఇరవై ఏండ్ల సంది ఆడుతున్న. ఏనాడన్న ఆరోనాడు ఆడినమా? పువ్వు ముట్టినమా? సార్, దీని మాట రాసుకోకుర్రి. ఎనిమిది రోజులే ఆడ్తం!’’

‘‘అవు సార్, నిరుడు ఆరోనాడు జాగంత ఊడ్చి, నీళ్లు చల్లి ఊకున్నం’’ అంది రాణి, మొగుణ్ని అడగాలన్న సంగతి మరిచిపోయి.

‘‘మా అమ్మగారి ఊర్లె ఏడోనాడే సద్దుల బతుకమ్మ చేసి సాగనంపుతరు. గీడికొచ్చినంకనే తొమ్మిదోనాడు చేస్తున్నం’’ అంది మొన్ననే వచ్చానన్న పదేళ్లావిడ.

‘‘ఏడోనాడు సద్దులెక్కడియమ్మా?’’

‘‘మా దిక్కు ఉన్నయి!’’

ఇక ఆపేవాళ్లు లేరు. బతుకమ్మలు తూర్పు వైపు పెట్టాలా, జాగ నడుమ పెట్టాలా, నిరుడు షెడ్డు గుంజకు లైటు కట్టింది ఎవరి మొగుడు, సద్దులనాడు సరూర్‌నగర్ చెరువుకు పోతూ ఆటోలో ఎవరి బతుకమ్మ ఒరిగింది, అన్నీ బయటపడ్డాయి. ఒకావిడ యోగేందర్‌ను చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి, తాము ఎక్కడ నుంచి ఎక్కడిదాకా తిరుగుతారో సున్నం గీత మీద నడిచి చూపించింది. అది గీతకు చాలా బయటికి వెళ్లింది. సంధ్యారాణి వేళ్లు ట్యాబ్ మీద పరుగెత్తాయి.

యోగేందర్ నవ్వాడు, వచ్చాక మొదటిసారి. ‘‘అర్థమైందమ్మా, అర్థమైంది. పని ఆపుతం. గుంజలు గీడ పాతం. నేను పైకి రాస్త.’’

భానుమూర్తి కిటికీ వైపు చూసి హమ్మయ్య అనుకున్నాడు. ఆడవాళ్లు కేకలు వేశారు. అండాలమ్మకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నిలిచింది, జాగ నిలిచింది అని లోలోపల అనుకుంటూ అందరికన్నా ఆలస్యంగా నవ్వింది.

అందుకే వెనకాల నవ్వు ఎందుకో మొదట అర్థం కాలేదు.

‘‘ఆరోనాడు ఆడ్తదట!’’ అంటోంది రాణి, కడుపు పట్టుకుని. ‘‘అండాలక్కా, గంత మాట ఎట్లంటివే?’’

‘‘యాది తప్పుతుంది పాపం. మొన్న ఆ పిల్లకు గూడ ఏదేదో చెప్పె,’’ అంది ఇంకొకావిడ.

‘‘ఇగ పాటలు గూడ మర్చిపోతదేమో!’’

కిష్టమ్మ వచ్చి అండాలమ్మ భుజం మీద చెయ్యి వేసింది. ఎంతో మెత్తగా, రోగిని పలకరించినట్టు మాట్లాడింది. ‘‘పోనీ తియ్యే. అందరం పెద్దగైతున్నం. ఈసారి పాట నేను ఎత్తుకుంట. నువ్వు నా పక్కన నిలబడు.’’

అందరూ సరేనన్నారు. అంత తొందరగా సరేనంటారని అండాలమ్మ అనుకోలేదు. కిష్టమ్మ ఎన్నాళ్లుగా కాచుకుని ఉందో! ఈ మెత్తటి చెయ్యి నిజంగా ఓదార్చడానికేనా, లేక... ఆమె పాత చూపు మళ్లీ పైకి లేచింది. వెంటనే దాని మీద ఆమెకే అసహ్యం వేసింది.

ఒక్క మాట చెబితే పోయేది. మీ నోళ్లు తెరిపించడానికే కావాలని తప్పు చెప్పానని అంటే చాలు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ యోగేందర్ ఇంకా గేటు దాటలేదు. ఇదంతా నాటకమని ఆయన చెవిన పడితే మళ్లీ మొదటికొస్తుంది. ఆయన వెళ్లాక చెప్పినా వీళ్లు నమ్ముతారా? తప్పు కప్పిపుచ్చుకోవడానికి కథ అల్లుతోందంటారు. వాళ్ల స్థానంలో ఉంటే తనైతే అస్సలు నమ్మేది కాదు. ఆ మాటను మింగేసి, తలూపింది.

వారం తిరగకముందే గుంజలను లారీలో వేసుకుపోయారు. వాన పడి సున్నం గీతలు చెరిగిపోయాయి.

బతుకమ్మ మొదటి రోజు, ఎంగిలిపూల సాయంత్రం ఆ జాగ తంగేడు, గునుగు, బంతి పూలతో నిండిపోయింది. ఎప్పటికన్నా జనం ఎక్కువ వచ్చారు, పోట్లాడి నిలబెట్టుకున్న జాగ కదా. కిష్టమ్మ కొత్త చీర కట్టుకుని ముందు నిలబడింది. అండాలమ్మ ఆమె పక్కన నిలబడింది. అలవాటు కొద్దీ ఊపిరి తీసుకోబోయి ఆపుకుంది.  ఇంతమంది మధ్య ఏడుపొస్తే ఏమనుకుంటారోనని కొంగు సర్దుకుంది.

కిష్టమ్మ ఎత్తుకోబోయి, ఎందుకో ఆగింది. అండాలమ్మ వైపు వంగి, ఎవరికీ వినపడకుండా అడిగింది. ‘‘నిజం చెప్పు. ఆ నాడు కావాలనే అన్నవు గదా?’’

ఇన్నేళ్లలో అండాలమ్మ మీద ఎవరికైనా కలిగిన అనుమానాల్లో ఇదొక్కటే నూటికి నూరుపాళ్లు నిజం. కిష్టమ్మ కళ్లలోకి చూసింది. అవునంటే ఈ క్షణమే కిష్టమ్మ వెనక్కి జరిగి, అందరికీ చెప్పి, తనను ముందుకు నెడుతుంది. అది కూడా ఆ కళ్లలో కనిపించింది. ఆ కొత్త చీరా కనిపించింది, మడత నలగని అంచూ, ఆ సన్నటి గొంతు ఇరవై ఏళ్లు వెనక నిలబడడమూ.

‘‘లేదే,’’ అంది అండాలమ్మ. ‘‘మర్చిపోయిన.’’

కిష్టమ్మ మొహం తేటపడింది. గొంతు సవరించుకుని పాట ఎత్తుకుంది. అండాలమ్మ అందరితోపాటు చప్పట్లు కొట్టి, రెండో పాదం అందుకుంది.